బ్యాక్‌గ్రౌండ్ చాలడం లేదా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ముహూర్తాలు మొదలయ్యాయంటే స్టూడియోల నుంచి మాకొచ్చే ప్రశ్నల్లో సగం ఒకే బాపతు: అల్బమ్ షీటు పెద్దది, ఫొటోలో వెనక చోటు చాలదు, ఎట్లా పెంచాలి? ఈసారి వరంగల్ చుట్టుపక్కల నుంచీ, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచీ వచ్చినవాటిలో కొన్నిటికి జవాబులిస్తున్నాం. కమాండ్ల పేర్లు సాఫ్ట్‌వేర్‌లో ఎలా కనిపిస్తాయో అలాగే రాశాం.

లక్నవరంలో తీసిన ప్రీవెడ్డింగ్ ఫొటో అల్బమ్‌లో 12×36 అంగుళాల షీటు నిండా రావాలని పెండ్లివాళ్లు పట్టుబట్టారు. ఫొటోషాప్‌లో కంటెంట్ అవేర్ స్కేల్ పెట్టి గుంజితే నీళ్లతో పాటు పిల్ల మొహం కూడా సాగింది. వేలాడే వంతెన తీగలు మెట్లు మెట్లుగా విరిగినయ్. ఏం చెయ్యాలె?
— స్టూడియో నిర్వాహకుడు, హన్మకొండ

ముందు లెక్క చూద్దాం. 24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే ఫొటో 6000×4000, అంటే 3:2. మీ షీటు 3:1. 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 10800×3600 పిక్సెళ్లు కావాలి. ఫొటో ఎత్తును 3600కు తెస్తే వెడల్పు 5400 దగ్గర ఆగిపోతుంది. సరిగ్గా సగం షీటు. మిగతా సగం మీరు పుట్టించాలి. అంత సాగదీయమంటే ఏ టూలైనా చేతులెత్తేస్తుంది.

అందుకని సాగదీసే ముందు పైనా కిందా కత్తిరించండి. చెరువు ఫొటోల్లో పైన ఖాళీ ఆకాశం, కింద గట్టు మట్టి ఎలాగూ ఎక్కువే ఉంటాయి. ఎత్తు 4000 నుంచి 2800కు తగ్గితే కావాల్సిన వెడల్పు 8400 అవుతుంది. ఉన్నది 6000 కాబట్టి పెంచాల్సింది 2400 మాత్రమే. 2800 పిక్సెళ్లను 12 అంగుళాలకు ప్రింటు వేస్తే 233 డీపీఐ పడుతుంది. అల్బమ్‌కు అది చాలు. జంట తలనుంచి కాళ్లదాకా ఫ్రేము నిండా ఉంటే మాత్రం ఈ దారి లేదు. ఆ ఫొటోను ఒక పక్కకు పరిమితం చేసి, రెండో పక్క వేరే ఫొటో పెడదామని పెండ్లివాళ్లకు ముందే చెప్పడం మేలు.

ఇక మొహం ఎందుకు సాగిందంటే, కంటెంట్ అవేర్ స్కేల్‌కు మనిషెవరో నీళ్లేవో తెలియదు. ఫొటోలో వివరం తక్కువగా ఉన్న దారులు వెతికి, ఆ దారుల వెంట కొత్త పిక్సెళ్లు చేరుస్తుంది. 2007లో అవిదాన్, షమీర్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రకటించిన సీమ్ కార్వింగ్ పద్ధతి ఇదే. ఫొటోషాప్‌లోకి 2008లో సీఎస్ 4తో ఈ సౌకర్యం వచ్చింది. దాని దృష్టిలో నున్నటి చెంప, ప్లెయిన్ చీరె, నిలకడ నీరు మూడూ ఒకటే. ఏటవాలు గీతల సంగతి ఇంకా కష్టం. దారి గీతను అడ్డంగా దాటిన ప్రతిచోటా గీత ఒక పిక్సెల్ పక్కకు జరుగుతుంది. మీ వంతెన తీగలు మెట్లయింది అందుకే.

మనుషులను కాపాడాలంటే ఆల్ఫా ఛానెల్ (సేవ్ చేసి పెట్టుకున్న సెలెక్షన్) తప్పదు. బ్యాక్‌గ్రౌండ్ లేయరు మీద డబుల్ క్లిక్ చేసి తాళం తీయండి. తాళం ఉంటే కంటెంట్ అవేర్ స్కేల్ కమాండ్ మసకబారి ఉంటుంది. కంట్రోల్ + జే కొట్టి ఒక కాపీ దాచుకోండి. ఇమేజ్ మెనూలో క్యాన్వాస్ సైజ్ తెరిచి వెడల్పు 8400 ఇవ్వండి. జంట ఎడమ పక్కన ఉంటే యాంకర్ బాణాన్ని ఎడమకు పెట్టండి, కొత్త చోటంతా కుడివైపు వస్తుంది. లాసోతో జంట చుట్టూ వదులుగా, 30–40 పిక్సెళ్లు బయటికి గీయండి. నీళ్లలో పడ్డ నీడనూ ఎగిరే కొంగునూ వదిలేయొద్దు. వంతెన ఉంటే దాన్నీ కలపండి. సెలెక్ట్ మెనూలో సేవ్ సెలెక్షన్ కొట్టి 'జంట' అని పేరు పెట్టి, డీసెలెక్ట్ చేయండి. అప్పుడు ఎడిట్ మెనూలో కంటెంట్ అవేర్ స్కేల్ తెరిచి, పైన ప్రొటెక్ట్ దగ్గర 'జంట' ఎంచుకుని పక్క హ్యాండిల్ లాగండి. ఎత్తు కూడా పెరుగుతుంటే పైన గొలుసు గుర్తు ఆపేయండి.

పక్కనే మనిషి బొమ్మ ఉన్న బటన్ ఒంటి రంగును కాపాడుతుందంటారు. దాన్ని నమ్ముకోవద్దు. అది చూసేది రంగునే. రామప్ప దగ్గర తీసిన ఫొటోలో ఎర్ర ఇసుకరాయిని కూడా ఒళ్లే అనుకుని కాపాడి, పాపం చీరెను సాగదీస్తుంది.

ఒక్క గుంజుకు పదిశాతం దాటొద్దు, మొత్తం మీద ఇరవై దాటొద్దు. రెండో విడత మొదలుపెట్టేముందు 'జంట' సెలెక్షన్ మళ్లీ గీసి సేవ్ చేయాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మొదటి విడతలో జంట కాస్త పక్కకు జరిగి ఉంటుంది, ఛానెల్ మాత్రం పాత చోటే ఉంటుంది. దాంతో సగం మొహం రక్షణలో, సగం మొహం బయట పడుతుంది.

ఇరవై శాతమంటే 1200 పిక్సెళ్లు. మిగతా 1200కు కంటెంట్ అవేర్ ఫిల్ వాడండి. ఖాళీ చోటును, దాని పక్కనున్న అసలు ఫొటోలో 30–50 పిక్సెళ్లను కలిపి సెలెక్ట్ చేయండి. ఖాళీ మాత్రమే సెలెక్ట్ చేస్తే అతుకు గీత పడుతుంది. ఎడిట్ మెనూలోంచి తెరిస్తే ఫొటో మీద ఆకుపచ్చ పొర కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ నమూనా తెచ్చుకునేది అక్కడినుంచే. బ్రష్‌తో జంట మీద, వంతెన మీద ఆ ఆకుపచ్చను చెరిపేయండి. మరిచిపోతే చెరువు మధ్యలో ఇంకో తల తేలుతుంది. అవుట్‌పుట్ న్యూ లేయర్‌కు పెట్టుకుంటే తరవాత మాస్క్‌తో (లేయరులో కొంత భాగాన్ని దాచే పొర) సర్దుకోవచ్చు.

ఇంకో సంగతి. 12×36 షీటు 18 అంగుళాల దగ్గర మడత పడుతుంది. పెంచిన తరవాత జంట ఆ మడత మీదికి వచ్చిందేమో గైడ్ గీత వేసి చూడండి. మొహం మడతకు కనీసం అంగుళంన్నర దూరంలో ఉండాలి.

మానేరు డ్యామ్ దగ్గర సాయంత్రం తీసిన ఫొటోను ఫొటోషాప్ ఏఐ టూల్ జెనరేటివ్ ఎక్స్‌పాండ్‌తో రెండు పక్కలా పెంచాను. పాత అంచు ఉన్నచోట నల్లని పట్టీలా నిలువు నీడ కనిపిస్తోంది. కొత్త భాగం మెత్తగా, ప్లాస్టిక్‌లా ఉంది.
— అల్బమ్ డిజైనర్, కరీంనగర్

మీవి రెండు వేర్వేరు జబ్బులు.

నల్ల పట్టీకి కారణం విగ్నెట్. లెన్సు వల్ల మూలలు కొంచెం చీకటవుతాయి. దాని మీద మీరు ప్రీసెట్ (రెడీమేడ్ రంగుల సెట్టింగు) వేసి ఉంటే ఇంకా నల్లబడతాయి. మామూలుగా చూస్తే అందంగానే ఉంటుంది. కానీ బయటికి పెంచినప్పుడు ఏఐ ఆకాశాన్ని మళ్లీ వెలుతురుగా గీస్తుంది, పాత అంచు మధ్యలో చారలా మిగిలిపోతుంది. కాబట్టి వరుస మార్చండి. కెమెరా రా లో ఆప్టిక్స్ కింద లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్ టిక్ పెట్టండి, విగ్నెట్ సున్నా చేయండి, ప్రీసెట్ తీసేయండి. బ్యాక్‌గ్రౌండ్ పెంచండి. కలర్ గ్రేడింగ్, విగ్నెట్ ఆఖరున మొత్తం ఫొటో మీద వేయండి. స్టూడియో లోగో, తేదీ ముద్ర కూడా పెంచిన తరవాతే. ముందే వేస్తే మూలన అర్థంకాని అక్షరాలు మొలుస్తాయి.

మెత్తదనానికి కారణం వేరు. 2023లో ఈ సౌకర్యం వచ్చినప్పుడు ఒక్కసారికి పుట్టించే బొమ్మ 1024×1024 పిక్సెళ్ల దగ్గరే ఉండేది. అంతకంటే పెద్ద చోటు చూపిస్తే ఆ చిన్న బొమ్మనే సాగదీసి నింపేది. కొత్త వెర్షన్లలో మెరుగైంది గానీ, సూత్రం అదే: చోటు ఎంత పెద్దదైతే వివరం అంత పలుచన. వెనక అంతా బ్లర్ అయిన ఫొటోలో ఇది తెలియనే తెలియదు, ఒక్క దెబ్బలో పెంచేయండి. గడ్డి, రాతి కట్టడం, నీటి అలలు స్పష్టంగా ఉంటే మాత్రం ముక్కలుగా చేయాలి. క్యాన్వాస్ ముందు పెంచుకుని, మార్కీ టూల్‌తో సుమారు 1000×1000 చదరం గీయండి. అందులో 100–150 పిక్సెళ్లు అసలు ఫొటోలో ఉండాలి. జెనరేటివ్ ఫిల్ నొక్కి, రాసే పెట్టె ఖాళీగా వదిలేయండి. ఏదైనా రాస్తే కోరని చెట్లూ పడవలూ తెచ్చిపెడుతుంది. ఖాళీగా వదిలితే ఉన్నదాన్నే కొనసాగిస్తుంది. తరవాతి చదరం మొదటిదాని మీద కొంత ఎక్కేలా గీయండి. ఒక్కో నొక్కుకు క్రెడిట్లు ఖర్చవుతాయి, ఇంటర్నెట్ కూడా ఉండాలి. పెండ్లి పనుల రద్దీలో ఆ సంగతి గుర్తుంచుకోండి.

ప్లాస్టిక్‌లా కనిపించేది గ్రెయిన్ లేకపోవడం వల్ల. సాయంత్రం ఐఎస్ఓ 1600లో తీసిన ఫొటోలో సన్నటి గరుకు ఉంటుంది, ఏఐ ముక్కలో ఉండదు. ఫొటోను 100 శాతానికి పెంచి చూస్తూ, కొత్త లేయరు మీద యాడ్ నాయిస్ వేయండి. గాషియన్, మోనోక్రోమాటిక్ టిక్ పెట్టి 1 నుంచి 3 శాతం మధ్య సరిపోతుంది. ఆకాశంలో పట్టీలు పట్టీలుగా రంగు విడిపోతుంటే ఈ నాయిసే దానికీ మందు. ఇమేజ్ మెనూలో మోడ్‌ను 16 బిట్స్‌కు మార్చి పనిచేస్తే ఇంకా మంచిది.

ఫ్యామిలీ గ్రూపులో చివర నిలబడ్డ పెద్దమ్మ మోచెయ్యి తెగింది. ఏఐతో పెంచితే ఆరు వేళ్లొచ్చాయి.
— ఫొటోగ్రాఫర్, జగిత్యాల

గోడనూ ఆకాశాన్నీ పుట్టించమనండి, మనిషిని పుట్టించమనొద్దు. ఈసారి అయిదు వేళ్లే వచ్చినా గాజులు మారతాయి, చీరె అంచు డిజైను మారుతుంది. అల్బమ్ తెరవగానే చుట్టాలు ముందు చూసుకునేది తమ మొహం, ఆ తరవాత తమ చీరె. పెద్దమ్మ పట్టేస్తుంది.

గ్రూపు ఫొటో ఒక్క క్లిక్కుతో ఎవరూ ఆపరు. ముందూ వెనకా ఉన్న ఫ్రేముల్లో ఆ మోచెయ్యి పూర్తిగా పడిందేమో వెతకండి. దొరికితే రెండు ఫ్రేములనూ ఒకే ఫైలులో లేయర్లుగా పెట్టి, రెండూ సెలెక్ట్ చేసి, ఎడిట్ మెనూలో ఆటో అలైన్ లేయర్స్ కొట్టండి. మోచెయ్యి ఉన్న లేయరుకు నల్ల మాస్క్ వేసి, ఆ భాగం వరకు తెల్ల బ్రష్‌తో బయటపెట్టండి. అతుకు చీరె మడత మీద పడేలా చూసుకుంటే కనిపించదు. దొరక్కపోతే రెండో చివరన కూడా అంతే బిగువుగా కత్తిరించి, కావాలనే అలా ఫ్రేము పెట్టినట్టు చేయండి.

ఓణీల ఫంక్షనుకు ఇంట్లో గుడ్డ బ్యాక్‌డ్రాప్ కట్టాం. గుడ్డ చిన్నదై పక్కన గోడ, స్విచ్ బోర్డు పడ్డాయి. దీనికీ ఏఐ కావాల్నా?
— పాఠకురాలు, పరకాల

అక్కర్లేదు. పిల్లకూ గుడ్డ అంచుకూ మధ్య ఉన్న ఖాళీ గుడ్డను మార్కీతో నిలువు పట్టీగా సెలెక్ట్ చేసి, కంట్రోల్ + జే కొట్టి, కంట్రోల్ + టీతో గోడ మీదికి లాగండి. గొలుసు గుర్తు ఆఫ్‌లో ఉండాలి. పట్టీ రెట్టింపు వరకు సాగినా ఎవరూ పట్టుకోలేరు. అంతకు మించితే గుడ్డ ముడతలు కూడా లావెక్కుతాయి. పట్టీలో పిల్ల నీడ గానీ జడ గానీ పడనివ్వద్దు. అడుగున నేల ఉంటే దాన్ని వేరే పట్టీగా లాగండి, లేకపోతే టైల్సు పొడుగ్గా సాగిపోతాయి.

ఫొటోషాప్ కొనలేను. ఉచితంగా దొరికే జింప్‌లో ఈ పని అవుతుందా?
— డిగ్రీ విద్యార్థి, మంచిర్యాల

అవుతుంది. కాస్త ఓపిక కావాలి. జింప్‌కు రీసింథసైజర్ అనే ఉచిత ప్లగిన్ విడిగా వేసుకోవాలి. 2.10కు తయారైన ప్లగిన్ 3.0లో పనిచేయదు, మీ వెర్షన్‌కు సరిపడేదే వెతకండి. వేసుకున్నాక ఫిల్టర్స్‌లో ఎన్‌హాన్స్ కింద అన్‌క్రాప్ కనిపిస్తుంది. పేరుకు తగ్గట్టే, కత్తిరించని ఫొటో ఎలా ఉండేదో ఊహించి బయటికి పెంచుతుంది. ఎంత శాతం పెంచాలో అడుగుతుంది. 10తో మొదలుపెట్టండి. నాలుగు వైపులా పెంచుతుంది కాబట్టి అక్కర్లేని వైపులు తరవాత కత్తిరించేయండి. పెద్ద ఫొటో అయితే చాలాసేపు తిప్పుకుంటుంది. హ్యాంగ్ అయిందనుకుని మూసేయకండి.

చేత్తో చేసుకోవాలంటే ఇమేజ్ మెనూలో క్యాన్వాస్ సైజ్ తెరిచి, గొలుసు విప్పి వెడల్పు పెంచి, లేయర్లను కూడా పెంచే ఆప్షన్ ఎంచుకోండి. క్యాన్వాస్ పెరిగి లేయరు పెరగకపోతే క్లోన్ టూల్ ఆ చోట పనిచేయదు. ఎందుకు పడటం లేదా అని చాలామంది తలపట్టుకునేది ఇక్కడే. క్లోన్ బ్రష్ హార్డ్‌నెస్ 30 లోపు ఉంచండి. నాలుగైదు గీతలకొకసారి కంట్రోల్ పట్టుకుని కొత్త నమూనా తీసుకోండి, లేకుంటే ఒకే రాయి, ఒకే గడ్డి దుబ్బు వరుసగా బయటపడతాయి. హీల్ టూల్‌ను అతుకు మీద మాత్రమే వాడండి. చెట్టు మొదలు లాంటి ముదురు అంచు పక్కన వాడితే మసి పూసినట్టవుతుంది.

వేయిస్తంభాల గుడి మండపంలో తీసిన ఫొటోను ఎడమకు పెంచితే స్తంభాలు వంకరపోయాయి. నేల గీతలు కలవడం లేదు.
— పాఠకుడు, కాజీపేట

దూరం పోయేకొద్దీ దగ్గరపడే గీతలున్న చోట ఫిల్టర్ మెనూలోని వానిషింగ్ పాయింట్ వాడాలి. ముందు ఖాళీ లేయరు తీసుకోండి, పని దాని మీద పడుతుంది. నేల మీది రాతి పలకల్లో ఒకదాని నాలుగు మూలలూ క్లిక్ చేస్తే గ్రిడ్ వస్తుంది. నీలం రంగులో ఉంటే లెక్క సరిగా కుదిరినట్టు, ఎరుపో పసుపో అయితే మూలలు సర్దాలి. గ్రిడ్ అంచు మధ్యనున్న చుక్క పట్టుకుని ఖాళీ చోటు మీదికి లాగండి. స్టాంప్ టూల్‌తో ఆల్ట్ పట్టుకుని పలకను క్లిక్ చేసి బయటికి రుద్దితే, దూరాన్ని బట్టి పలక సైజు అదే మారుతుంది. ఫోన్లో 0.5 లెన్సుతో తీసి ఉంటే అంచుల్లో గీతలు ముందే వంగి ఉంటాయి. లెన్స్ కరెక్షన్ చేయకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

నేల పెంచుకోండి, ఆకాశం పెంచుకోండి. కానీ 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడికి మీరు కంప్యూటర్లో ఇంకో స్తంభం కట్టొద్దు. ఇంటి అల్బమ్ అయితే అడిగేవాళ్లు లేరు గానీ, పోటీకో పత్రికకో పంపే ఫొటోలో అది తప్పు.

తాతగారి వర్ధంతికి 6×4 అడుగుల ఫ్లెక్సు. ఉన్నది ఒక్క పాస్‌పోర్టు సైజు ఫొటో. దాని వెనక నీలం రంగును ఫ్లెక్సంతా పెంచొచ్చా?
— ఫ్లెక్సు డిజైనర్, హుజూరాబాద్

పెంచొచ్చు గానీ, భుజాలు ఏం చేస్తారు? పాస్‌పోర్టు ఫొటోలో భుజాలు రెండు పక్కలా అంచుకు తెగి ఉంటాయి. వెనక రంగు పెంచగానే రంపంతో కోసినట్టు కనిపిస్తాయి. భుజాల కింద మాస్క్‌లో గ్రేడియంట్ వేసి మెల్లగా మాయం చేయండి, లేదా కోడిగుడ్డు ఆకారపు ఫ్రేములో పెట్టి కోత కనపడే చోటికి పూలదండ తెచ్చి కప్పండి. మిగతా ఫ్లెక్సుకు కొత్త రంగే వేసుకోండి.

35×45 మిల్లీమీటర్ల ఫొటోను 1200 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 1650×2125 పిక్సెళ్లు వస్తాయి. ఫ్లెక్సు 72 డీపీఐకి 5184×3456. అంటే మొహాన్ని పెద్దగా సాగదీయకుండానే రెండడుగుల ఎత్తు వరకు పెట్టుకోవచ్చు. ఏఐతో మొహం పదును పెట్టే యాప్‌ల జోలికి పోవద్దు, తాతగారి ముక్కూ కళ్లూ మారిపోయి ఇంకెవరో అవుతారు.

ఫోన్లోనే చేసుకునే దారి ఉందా? వాట్సాప్ స్టేటస్‌కు నిలువుగా కావాలి.
— పాఠకురాలు, నర్సంపేట

స్నాప్‌సీడ్ అనే ఫోన్ యాప్‌లో ఎక్స్‌పాండ్ అనే టూల్ ఉంది. స్మార్ట్, తెలుపు, నలుపు అని మూడు రకాలు. స్మార్ట్ ఎంచుకుని పై అంచును కొద్దికొద్దిగా లాగండి. ఒకేసారి లాగితే అదే మబ్బు రెండుసార్లు పడుతుంది. పైన ఆకాశం, కింద నేల ఉంటే బాగా వస్తుంది, తల అంచుకు తగిలి ఉంటే రాదు. అసలు ఫొటో వాట్సాప్‌లో వచ్చిందైతే మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి. మామూలుగా పంపితే ఫైలు కుదించుకుపోయి చదరాల మచ్చలు పడతాయి, పెంచిన చోట అవి కూడా పెరుగుతాయి.